పస్తుండి చదవడం గొప్ప కాదు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం పిల్లలు ఫోన్ చేసినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాను. కానీ అమ్మ మీద, చదువు మీద, బాబాసాహెబ్ మీద మన సంచికలో ప్రతి ఏడాదీ మంచి కవితలు వస్తూనే ఉన్నాయి. రోజూ పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడి తినే అన్నం మీద మాత్రం ఎవరూ రాయడం లేదు. అందుకే ఈసారి అన్నం గురించి రాస్తున్నాను. ఈ ఏడాది నేను చదివిన కొన్ని పుస్తకాల సంగతి కూడా మధ్యలో వస్తుంది. చదివానని గొప్ప చెప్పుకోవడానికి కాదు. అవి చదవకముందు నేను చేసిన తప్పు మీరు చేయకూడదని.

నేను 6వ తరగతి నుంచి 10వ తరగతి దాకా ఐదేళ్ళు ఈ హాస్టల్లో ఉన్నాను. మా నాయన హమాలీ పని చేస్తాడు, అమ్మ కూలికి పోతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటిదాన్ని. ఇప్పుడు ఎం.ఏ. రెండో సంవత్సరంలో ఉన్నాను.

నిరుడు మొదటి సెమిస్టర్ పరీక్షల్లో రెండో పేపర్ రాస్తూ రాస్తూ కింద పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. రక్త పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉందన్నారు. ఆడపిల్లకు 12 ఉండాలి. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఒక్క మాట అడిగింది: "రోజూ ఏం తింటున్నవమ్మా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అప్పటికి మూడు నెలలుగా పొద్దున పూట నేను తింటున్నది టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నంలో పచ్చడి. రాత్రి చదువుకు మళ్ళీ టీ. టిఫిన్ మానేస్తే నెలకు మూడు నాలుగు వందలు మిగిలేవి. ఆ డబ్బు ఇంటికి పంపేదాన్ని. అదంతా ఒక ఎత్తు. అసలు సంగతి ఇంకొకటి ఉంది. కడుపు మాడ్చుకుని చదువుతున్నానని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

ఆ గర్వం ఎక్కడి నుంచి వచ్చింది? మన స్టేజీల మీది నుంచే వచ్చింది. ప్రతి ఏప్రిల్ 14న మనం వినే ఉపన్యాసాలు గుర్తు తెచ్చుకోండి. "అంబేద్కర్ గారు లండన్‌లో అర్ధాకలితో చదివారు, మీరూ అలా చదవాలి" అని ఎంతమంది చెప్పలేదు? నేను కూడా 9వ తరగతిలో ఇదే మాట మైకులో చెప్పి ప్రైజు తెచ్చుకున్నాను.

ఇంటికి వెళ్ళాక అమ్మకు సంగతి చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "నిన్ను హాస్టల్ల ఏసిందే మూడు పూటల తింటవని గదనే. సదువు సంగతి మాకేం తెలుసు? ఇంటికాడ తిండి లేకనే ఆడ ఏస్తిమి. నువ్వు ఆడికి పోయి గూడ పస్తులుంటే ఎట్ల బిడ్డా?"

ఆ మాట విన్నాక బాబాసాహెబ్ జీవితం మళ్ళీ మొదటి నుంచి చదివాను. 1920 నుంచి 1923 దాకా ఆయన లండన్‌లో చాలా తక్కువ తిండితో చదివిన మాట నిజమే. కానీ మన ఉపన్యాసాలు అక్కడితో ఆగిపోతాయి. తర్వాత ఆయన ఏం చేశారో ఎవరూ చెప్పరు. 1923లో తిరిగి వచ్చారు. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. 1925 జనవరిలో ఆ సభ తరఫున షోలాపూర్‌లో దళిత విద్యార్థుల కోసం హాస్టల్ తెరిచారు. అంటే, తాను పడిన ఆకలిని తర్వాతి పిల్లలకు ఆదర్శంగా చూపించలేదు. వాళ్ళకు ఆ ఆకలి ఉండకూడదని గంజీ, గదీ ఏర్పాటు చేశారు. మనం ఉంటున్న హాస్టల్ వెనక ఉన్న ఆలోచన కూడా అదే. కాబట్టి నా అభిప్రాయం ఇది: హాస్టల్ పిల్ల పస్తుండి చదవడం గొప్ప కాదు. కడుపునిండా, సరైన తిండి తినడం కూడా మన చదువులో ఒక పాఠమే.

ఇక రెండో పుస్తకం. ఆసుపత్రిలో నాకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు. ఆ పేరు చూడగానే బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్ర గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే, ఆ మాత్రలు నేను సగానికి సగం బోరింగు దగ్గర మోరీలో పడేశాను. మీలో ఎంతమంది పడేస్తున్నారో నాకు తెలుసు! కడుపులో తిప్పుతుందని కదా? పరగడుపున వేసుకుంటే తిప్పుతుంది. తిన్న తర్వాత వేసుకుంటే చాలావరకు తిప్పదు.

ఈ ఫోలిక్ యాసిడ్ ఎక్కడిదని వెతుకుతూ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చదివాను. 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటబట్టదు, రక్తం తగ్గిపోతుంది. ఆయనకు కూడా ఆ జబ్బు వచ్చి బతికి బయటపడ్డారు. అమెరికా వెళ్ళి, 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకత్వం వహించారు. దానికి ముందు కథ మన దేశంలోనే ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు రక్తం ఎందుకు తగ్గుతున్నదో చూసింది. వాళ్ళ తిండిలో ఏదో తక్కువైందని, ఈస్టు నుంచి తీసిన పదార్థం ఇస్తే నయమవుతున్నదని కనిపెట్టింది. అందులో ఉన్నది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. లాటిన్ భాషలో 'ఫోలియం' అంటే ఆకు. పాలకూర ఆకుల నుంచి మొదట తీశారు కాబట్టి ఆ పేరు వచ్చింది.

అంటే ఆ మాత్ర పేరులోనే ఆకుకూర ఉంది! మనమేమో పప్పులో ఆకు కనిపిస్తే ఏరి పళ్ళెం అంచున పెడతాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. మన హాస్టల్లో ఒక వరుసలో పదిమంది కూర్చుంటే అందులో ఎంతమందికి ఉండొచ్చో మీరే లెక్క వేసుకోండి. "చదువు మీద ధ్యాస లేదు", "ఎప్పుడూ నిద్రమొహమే" అని మనం తిట్లు తింటాం. అందులో కొన్ని తిట్లు మనకు కాదు, మన రక్తానికి పడవలసినవి.

మూడో సంగతి జాతీయ పోషకాహార సంస్థది. హైదరాబాదులో తార్నాక దగ్గర ఉంది. సిటీ బస్సులో ఎన్నోసార్లు దాని ముందు నుంచి వెళ్ళాను కానీ లోపల ఏం చేస్తారో తెలియదు. దాని చరిత్ర చదివితే ఆశ్చర్యమేసింది. 1918లో తమిళనాడు కూనూరులో ఒక్క గదిలో మొదలైంది. బెరిబెరి అనే జబ్బు గురించి తెలుసుకోవడానికి మెకారిసన్ అనే డాక్టరు దాన్ని పెట్టారు. 1958లో హైదరాబాదు వచ్చింది. బెరిబెరి ఎందుకొస్తుంది? బియ్యాన్ని మిల్లులో తెల్లగా పాలిష్ పట్టి, తవుడంతా తీసేసి, పక్కన వేరే ఏమీ లేకుండా ఆ అన్నమే తింటే వస్తుంది. కాళ్ళు పడిపోతాయి, గుండె దెబ్బతింటుంది. తవుడుతో పాటు పోయిన విటమిన్ బి1 దానికి కారణం.

ఇది చదివినప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె చిన్నప్పుడు వరి అన్నం పండుగకే. మిగతా రోజులు జొన్న గటక, తైదల అంబలి. అందుకే ఆమెకు తెల్లన్నం అంటే మర్యాద. "మా పిల్లలు రోజూ తెల్లబువ్వ తింటున్నరు" అని చుట్టాలకు చెప్పుకునేది. 2015లో హాస్టళ్ళకు సన్నబియ్యం వచ్చినప్పుడు మేమందరం సంతోషపడ్డాం. అది న్యాయమైన సంతోషమే. పురుగుల దొడ్డన్నం తిన్న అక్కలకు ఆ విలువ తెలుసు. కానీ మర్యాద వేరు, బలం వేరు. పళ్ళెం నిండా సన్నన్నం పెట్టుకుని, నీళ్ళ చారు పోసుకుని తింటే కడుపు నిండుతుంది, ఒంటికి పట్టేది తక్కువ.

అయితే మరి మన తాతలు తిన్న జొన్నలే తినాలా? ఇప్పుడు పట్నంలో పెద్ద దుకాణాల్లో జొన్న, కొర్ర, తైదలు ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. "పూర్వం అందరూ ఇవి తిని నూరేళ్ళు బతికారు" అంటున్నారు. ఆ మాట కూడా సగమే నిజం. ఆ సంస్థలోనే గోపాలన్, శ్రీకంఠయ్య అనే శాస్త్రవేత్తలు పెల్లాగ్రా అనే జబ్బు గురించి 1960లో రాశారు. ఎండ తగిలే చోట మెడ, చేతులు, పాదాల చర్మం నల్లబడి పగిలిపోతుంది. విరేచనాలవుతాయి. ముదిరితే మతి కూడా చెదురుతుంది. ఇది ఎవరికి వచ్చింది? మన దక్కన్ ప్రాంతంలో జొన్నలే ముఖ్యమైన తిండిగా బతికిన పేద కూలీలకు. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువ ఉండటం ఒక కారణమని వాళ్ళు అన్నారు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. పక్కన పప్పు, పాలు, గుడ్డు, మాంసం కొనుక్కునే శక్తి లేక ఒక్క జొన్నే తినవలసి రావడం చెడ్డది. వరి ఒక్కటే తిన్నవాళ్ళకు ఒక జబ్బు, జొన్న ఒక్కటే తిన్నవాళ్ళకు ఇంకో జబ్బు. తప్పు గింజది కాదు, 'ఒక్కటే' అన్నదానిది. పేదరికం మన పళ్ళెంలో ఎప్పుడూ ఒక్కటే పెట్టింది. మనం దాన్ని నాలుగు రకాలు చేసుకోవాలి.

నాలుగోది శాహూ పటోలే రాసిన పుస్తకం. 2015లో మరాఠీలో 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' అని వచ్చింది. 2024లో ఇంగ్లీషులోకి వచ్చింది. నేను ఇంగ్లీషులో చదివాను. మరాఠ్వాడాలో మహార్, మాంగ్ కులాల ఇళ్ళల్లో వండుకునే వంటల పుస్తకం అది. మరాఠ్వాడా 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. అందుకేనేమో, చదువుతుంటే మా వాడ కథే చదువుతున్నట్టు అనిపించింది. జొన్నరొట్టె, చేలగట్ల మీది ఆకులు, పెద్దకూర, ఎండబెట్టిన తునకలు. వంటల పుస్తకాల్లో మన తిండి ఎప్పుడూ కనిపించలేదు కదా, అందుకని ఆయన తానే రాశారు. డిగ్రీలో ఎవరైనా "నిన్న ఇంట్లో ఏం కూర?" అని అడిగితే నేను టమాటా పప్పు అని అబద్ధం చెప్పేదాన్ని. అమ్మ కూలి నుంచి వస్తూ కొంగులో కట్టుకొచ్చిన తుమ్మికూర, గునుగాకు, జొన్నచెంచలి కూర, దొగ్గలికూర పేర్లు చెప్పడానికి సిగ్గుపడేదాన్ని. అవి పైసా ఖర్చు లేకుండా వచ్చిన ఆకుకూరలు. ఏ తిండి తిన్నామో చెప్పడానికి సిగ్గుపడితే, కొన్నాళ్ళకు ఆ తిండి తినడమే మానేస్తాం. నేను అలాగే మానేశాను. చెల్లెళ్ళారా, మీరు మానకండి.

ఇప్పుడు మన హాస్టల్ పళ్ళెం దగ్గరికి వద్దాం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. అందులో పెద్ద పెద్ద ఖర్చులేమీ లేవు. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలన్నారు. మిగతా సగంలో అన్నమో రొట్టెనో, పప్పు, గుడ్డు, పాలు, పల్లీలు వంటివి రావాలి. మనం అన్నానికే ముప్పావు వంతు ఇస్తున్నాం. ఒకేసారి మార్చలేం. కానీ ఈ చిన్న పనులు రేపటి నుంచే చేయవచ్చు.

పొద్దున టిఫిన్ మానకండి. ఉప్మా నచ్చదని, పులిహోర చల్లారిందని వదిలేసి బడికి పోతే మధ్యాహ్నం దాకా మెదడు పనిచేయదు. గుడ్డు పెట్టిన రోజు పచ్చసొన తీసి పడేయకండి. గుడ్డులోని విటమిన్లు, ఇనుము ఎక్కువగా ఉండేది అందులోనే. సాయంత్రం పెట్టే గుడాలు, పల్లీలు దోస్తులకు పంచి మీరు చిప్స్ కొనుక్కోకండి. ఆ పది రూపాయలతో అరటిపండో పల్లీపట్టియో వస్తుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ తాగవద్దు. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే అదే ఇనుము బాగా పడుతుంది. ఒక నిమ్మకాయ నలుగురికి సరిపోతుంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు తైదల అంబలి అడిగి తాగండి. బియ్యంలో దాదాపు లేని కాల్షియం తైదల్లో నూరు గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది.

ఇంతా చెప్పి తప్పంతా పిల్లలదే అన్నట్టు ముగిస్తే అది అన్యాయం. కొన్ని రోజులు పప్పులో గరిట పెడితే పప్పు దొరకదు. అది కూడా మనకు తెలుసు. తెలంగాణలో 2024 చివర్లో హాస్టళ్ళ డైట్ చార్జీలు పెంచారు. 3 నుంచి 7వ తరగతి పిల్లలకు నెలకు 950 రూపాయల నుంచి 1330కి, 8 నుంచి 10వ తరగతి వాళ్ళకు 1100 నుంచి 1540కి పెరిగాయి. అంటే 10వ తరగతి అమ్మాయికి రోజుకు 51 రూపాయలు. ఇది దయ కాదు. మన పేరు మీద వచ్చే మన డబ్బు. ఆ 51 రూపాయలు మన పళ్ళెంలోకి ఎలా వస్తున్నాయో అడిగే హక్కు మనకుంది. మెనూ గోడ మీద రాసి ఉండాలి. గోడ మీద ఉన్నది పళ్ళెంలో ఉండాలి. మెస్ కమిటీలో పేరు ఇచ్చి ఊరుకోకుండా స్టోరు తూకం దగ్గర నిలబడండి. ఏదైనా తక్కువైతే ఒక్కరే పోయి గొడవ పడకండి, అందరూ కలిసి సంతకాలతో రాసి ఇవ్వండి. వంట అక్కను, కామాటిని తిట్టకండి. వాళ్ళకు ఇచ్చిన సరుకుతోనే వాళ్ళు వండుతారు, వాళ్ళూ మన వాడల నుంచి వచ్చినవాళ్ళే.

పాత విద్యార్థులకు కూడా ఒక విన్నపం. అక్కలారా, వార్షికోత్సవానికి వచ్చి స్టేజీ మీద శాలువాలు కప్పించుకుని వెళ్ళిపోకండి. ఏడాదికి ఒక్కసారైనా చెప్పకుండా రాత్రి భోజనం వేళకు రండి. పిల్లలతో కూర్చుని అదే అన్నం తినండి. ఏడాదికోసారి పిల్లలందరికీ రక్త పరీక్ష చేయించే ఏర్పాటు మనం తలా కొంత వేసుకుంటే కష్టమేమీ కాదు. హాస్టల్ వెనక ఖాళీ జాగాలో రెండు మునగ చెట్లు, రెండు నిమ్మ చెట్లు, ఒక కరివేపాకు చెట్టు పెట్టండి. నా వంతుగా ఈ వార్షికోత్సవానికి నిమ్మ మొక్కలు తెస్తున్నాను. నీళ్ళు పోసే పని మీది.

చివరగా, ఆగిపోయిన ఆ రెండో పేపర్ సంగతి. ఆరు నెలల తర్వాత మళ్ళీ రాశాను. ఆ రోజు పొద్దున ఉప్మా, ఉడికించిన గుడ్డు తిని, మంచినీళ్ళ సీసా పట్టుకుని హాలుకు వెళ్ళాను. మూడు గంటలూ కూర్చుని రాశాను. పాసయ్యాను. హిమోగ్లోబిన్ ఇప్పుడు 11 దాటింది. ఇంకా 12 కాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే ఇప్పుడు మా అమ్మ మార్కులు అడగడం లేదు. "తిన్నవా?" అని అడిగి, ఏం తిన్నానో చెప్పేదాకా ఫోన్ పెట్టడం లేదు.

వచ్చే ఏప్రిల్ 14న మైకు ముందుకు వెళ్ళే చెల్లి ఎవరైనా సరే, లండన్ పస్తుల గురించి చెప్పాక షోలాపూర్ హాస్టల్ గురించి కూడా చెప్పు. చెప్పి, స్టేజీ దిగి వచ్చి కడుపునిండా తిను.

జై భీమ్.